మైపాడు ఇసకలో చలికాలం నడక: మేం మోసుకెళ్ళిన సామాన్ల కథ



సంక్రాంతి సెలవల్లో మేం ఐదుగురం మైపాడు ఒడ్డున నడిచిన ఫోటోలు చూసి చాలామంది అడిగారు. కొందరు "ఆ బూట్లు ఎంతకి కొన్నార్రా?" అని, కొందరు "అక్కడ మీకేం పని?" అని. రెండిటికీ కలిపి జవాబు రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

పాడేరు, చింతపల్లి తమ్ముళ్ళు మాత్రం నవ్వకూడదు. మీరు లంబసింగి చలి చూసినోళ్ళు. మా నెల్లూరు ఒడ్డున జనవరి తెల్లారుజామున కూడా 20 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. మీ లెక్కలో అది చలే కాదు. కానీ తడిసిన బట్టల మీద సముద్రం గాలి కొడితే ఆ 20 డిగ్రీలే పళ్ళు టకటకలాడిస్తాయి. మేం కష్టపడి నేర్చుకున్న మొదటి పాఠం అదే.

మేం ఎవరమంటే, నలుగురం యానాదోళ్ళం, ఒకడు ఎరుకల. నెల్లూరులో డిగ్రీ, ఒకే హాస్టల్. ఐదుగురిలో ఎవరింట్లోనూ మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినోళ్ళు లేరు.

డిసెంబర్ మొదట్లో కాలేజీలో ఒక నోటీసు పెట్టారు. చలికాలం ట్రెక్కింగు, ఉత్తరాదిన కొండల్లో, ఇష్టమున్నోళ్ళు పేర్లివ్వండి అని. పేర్లిద్దామనే పొయ్యాం. నోటీసు అడుగున సామాన్ల జాబితా ఉంది. చీలమండ దాకా వచ్చే బూట్లు, రెండు జతల ఉన్ని సాక్సులు, లోపల తొడుక్కునే థర్మల్, గాలి ఆపే జాకెట్, వాన కోటు, నడుముకి బెల్టు ఉండే బ్యాగు, తలకి కట్టుకునే లైటు. ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. ఫోన్లో ధరలు చూసి కూడితే మనిషికి పన్నెండు వేలు దాటింది. పేర్లివ్వకుండా వెనక్కొచ్చేశాం.

ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు మాలో ఒకడు అన్నాడు: "నడవడానికి ఇన్ని కావాల్నా? మా అవ్వ బతుకంతా ఒట్టి కాళ్ళతో నడిచింది, చేతిలో ఏమీ లేకుండా." ఆ మాట మాకు తెగ నచ్చింది. జాబితా కొననందుకు సిగ్గుపడాల్సిన పని తప్పింది కదా. సరే, మనం ఏ సామానూ లేకుండా నడిచి చూపిద్దాం అనుకున్నాం. మైపాడులో మొదలుపెట్టి సముద్రాన్ని కుడి పక్కన పెట్టుకుని ఉత్తరంగా పోతే పెన్నమ్మ సముద్రంలో కలిసే చోటు వస్తుంది. ఫోను లెక్కలో పోనూ రానూ 20 కిలోమీటర్ల దగ్గర. రాత్రంతా నడిచి, అక్కడ పొద్దుపొడుపు చూసి, మధ్యాన్నానికి తిరిగొద్దామని లెక్క.

శనివారం సాయంత్రం మైపాడు గేటు దగ్గర బస్సెక్కాం. మా సామాను చెప్తాం, నవ్వుకోండి. రబ్బరు చెప్పులు, జీన్సు ప్యాంట్లు, కాటన్ చొక్కాలు, పుస్తకాల బ్యాగుల్లో నాలుగు బ్రెడ్డు ప్యాకెట్లు, రెండు దుప్పట్లు. మాలో ఒకడి నాయన రొయ్యల గుంటల మీద కాపలా ఉంటాడు. ఆయన తలలైటు అడిగి తెచ్చుకున్నాం. అంతే.

మొదటి తప్పు, పోటు వేళ చూసుకోలా. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు నీళ్ళ అంచున తడి ఇసక గట్టిగా తారు రోడ్డులా ఉంటుంది. పోటు మీద ఉంటే ఆ దారి మునిగిపోతుంది, పైన మెత్తటి ఇసకలో ఈడ్చుకుంటూ పోవాల. మేం దిగినప్పుడు మంచి పోటు. చెప్పు ఎత్తితే ఇసక, దించితే ఇసక. గంటలో ఒకడి చెప్పు తెగింది. వాడు చెప్పులు చేత పట్టుకున్నాడో లేదో పల్లేరు కాయలు మొదలు. పది దాటాక జల్లు పట్టుకుంది. మా వైపు వానాకాలం అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే అని పుట్టినప్పటి నుంచీ తెలుసు, అయినా ఒక్కడూ వాన సంగతి ఆలోచించలా. జీన్సు తడిసి రాయిలా బరువెక్కింది. తొడలు ఒరుసుకుని మంట. కాటన్ చొక్కా తడి పీల్చుకుని ఒంటికంటుకుంది, దాని మీద గాలి. దుప్పట్లు కూడా బ్యాగులోనే తడిసిపోయాయి.

ఇసకలో ఇక పోలేక లోపలికి తిరిగి రొయ్యల గుంటల గట్టు ఎక్కాం. గట్టు మీద నడక సుళువు. పది నిమిషాలు నడిచామో లేదో మొహాల మీద లైటు పడింది.

"ఎవర్రా అది? ఆడే ఆగండి."

ఇద్దరు, చేతుల్లో కర్రలు. బ్యాగులు గట్టు మీద కుమ్మరించమన్నారు. బ్రెడ్డు, తడిసిన దుప్పట్లు పడ్డాయి. తలలైటు యాడిదని అడిగారు. కాలేజీ కార్డులు చూపించాం. వాళ్ళు కార్డు వైపు చూడలా, ఏ కాలనీ అని అడిగారు. చెప్పాం. కాలనీ పేరు చెప్తే కులం చెప్పినట్టే కదా మన దగ్గర.

"యానాదోళ్ళా. అర్ధరాత్రి గుంటల మీద ఏం పని మీకు?"

"ఊరికే నడుస్తున్నాం అన్నా."

"ఊరికే ఎవురన్నా నడుస్తారంట్రా?"

ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. ఒక్కొక్కరి మొహం ఫోటో తీసుకున్నారు. తెల్లారిందాకా ఆ తడి గట్టు మీదే కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టింది కూడా తక్కువే. తెల్లారాక ఎవరికో ఫోను చేసి, పోండి అన్నారు.

లైటు తిరిగివ్వడానికి పోతే మావాడి నాయన సంగతంతా విన్నాడు. చాలాసేపు మాట్లాడలా. తరవాత ఒకటే అన్నాడు: "అది లైటు కాదు నాయనా, నా కూలి. నీ మీద దొంగమాట పడితే రేపు నన్ను గుంట మీదకి రానిస్తారా?" మా సరదా ఆయన కూటి మీదకి తెచ్చామని అప్పుడు తెలిసింది. ఆ వారమంతా మేం ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోలా.

ఒట్టి కాళ్ళ అవ్వ సంగతి అన్నాం కదా, తరవాతి ఆదివారం ఆమె దగ్గరికే పొయ్యాం. జరిగింది చెప్పి, "నువ్వు రాత్రిళ్ళు ఎట్టా తిరిగేదానివి అవ్వా? నిన్నెవరూ ఆపలేదా?" అని అడిగాం.

అవ్వ నవ్వింది. "నేను ఊరికే నడిచింది యాడ? బుట్ట లేకుండా ఒక్కనాడూ బయటికి రాలా. బుట్ట ఉంటే ఎండ్రకాయలకి పోతుందిలే అనుకుంటారు. ఒట్టి చేతులతో పోతే ఎందుకొచ్చిందని అడుగుతారు."

ఇంకా అడిగితే ఒక్కొక్కటీ చెప్పింది. చలికాలం నీళ్ళలో దిగే ముందు కాళ్ళకి ఆముదం పట్టించేది, ఉప్పునీళ్ళకి పాదాలు పగలకుండా. బుట్ట అడుగున ఒక పొడి చీర, ప్లాస్టిక్ కవరులో చుట్టి. జల్లు పడితే యూరియా గోతాన్ని ఒక మూల లోపలికి మడిచి నెత్తిన తగిలించుకునేది, వీపంతా కప్పేది. బురద లోతు చూడటానికి కర్ర. మరి చెప్పులు ఎందుకు వేసుకోలేదంటే మమ్మల్ని వింతగా చూసింది. "ఉంటే వేసుకోనా?"

మేం సామాను లేకుండా నడవడం గొప్ప అనుకున్నాం. అవ్వ దగ్గర సామాను లేకపోవడం కాదు, మేం చూసి దాన్ని సామాను అనుకోలా, అంతే. నోటీసులో ఉన్న వాన కోటుకీ ఆమె గోతానికీ పని ఒకటే. లేనిది మాత్రం లేమి వల్లే లేదు, అందులో గొప్పేమీ లేదు.

ఆమె బుట్ట మాట మాత్రం మమ్మల్ని వదల్లా. దాని వెనక పెద్ద కథ ఉంది, మీలో చాలామందికి తెలిసిందే. బ్రిటిషోళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చాక మన మద్రాసు రాజధానిలోనూ అమలు చేశారు. ఎరుకలోళ్ళని ఆ జాబితాలో ఎక్కించి మన కావలిలోనే సెటిల్మెంటు పెట్టారు. యానాదుల్లో కూడా కొందరిని ఎక్కించారు. పేరు నమోదైనోడు రాత్రి హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. 1952లో ఆ చట్టం రద్దయింది. మా ఎరుకల స్నేహితుడి తాత నాయన కావలి సెటిల్మెంటులో పెరిగినాయన. "ఊరికే ఎవురన్నా నడుస్తారంట్రా" అనే ప్రశ్న మాకంటే వయసులో చాలా పెద్దదని అప్పుడు అర్థమైంది. సరదాకి నడవడం అనేది మనోళ్ళకి ఎవరూ ఇవ్వలా, మనమూ అడగలా.

మరి అదే ఒడ్డున రాత్రిళ్ళు నడిచే వేరే విద్యార్థులు ఉన్నారు. చెన్నైలో 1988 నుంచీ కాలేజీ పిల్లలు చలికాలం రాత్రుళ్ళు సముద్రం ఒడ్డున నడుస్తూ తాబేళ్ళ గూళ్ళు వెతికి గుడ్లు కాపాడుతున్నారు. వాళ్ళని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. ఇసక ఒకటే, చీకటి ఒకటే, నడిచే వాళ్ళు వేరు.

మాలావత్ పూర్ణ సంగతి కూడా ఆ వారమే మళ్ళీ చదివాం. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, లంబాడా బిడ్డ. 2014 మే 25న ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళు కూడా నిండలా. 2022కి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తిచేసింది. మేం చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు ఆమె ధైర్యమే విన్నాం. ఈసారి చదివితే ఇంకొకటి కనబడింది. గురుకులం వాళ్ళు ఆ పిల్లల్ని భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో తిప్పి నేర్పించారు, కావాల్సిన బట్టలూ బూట్లూ తాళ్ళూ సమకూర్చారు. ధైర్యం ఆమెదే. కానీ చెప్పుల్లేని ధైర్యాన్ని ఎవరెస్ట్ మీదకి పంపలేదు.

అందుకని రెండోసారి సరిగ్గా పోదామనుకున్నాం. నెల రోజులు అవీ ఇవీ పోగేశాం. ఏది ఎట్టా పనికొచ్చిందో వరసగా చెప్తాం, మీకూ పనికొస్తుంది.

బూట్లు. పన్నెండు వేల జాబితాలో సగం బూట్లదే. మన ఒడ్డుకి అంత బూటు అక్కర్లా. పీటీకి వేసుకునే కాన్వాసు బూట్లు ముగ్గురికి ఉన్నాయి, ఇద్దరం ఆదివారం ట్రంకు రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్మేవాటిలో ఏరుకున్నాం, జత 250. ఒకటి గుర్తుపెట్టుకోండి, బొటనవేలు ముందు రవంత ఖాళీ ఉండాల. నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది. కొత్త బూట్లతో నేరుగా దిగొద్దు, వారం రోజులు హాస్టల్లో తిరిగి అలవాటు చేసుకోండి.

సాక్సులు. బూట్ల కంటే ఇవే ముఖ్యం. పల్చటి నైలాను సాక్సు లోపల, మందపాటిది పైన. రాపిడి రెండు సాక్సుల మధ్య జరుగుతుంది, చర్మం మీద కాదు. వేళ్ళ సందుల్లో, మడమకి వాజలైను. అవ్వ ఆముదమే అది, పేరు మారింది. ఇంకో పొడి జత కవరులో దాచాం. సగం దారిలో సాక్సులు మార్చుకుంటే వచ్చే సుఖం మాటల్లో చెప్పలేం.

బట్టలు. జీన్సు, కాటన్ వద్దే వద్దు. కబడ్డీ ఆడేటప్పుడు వేసుకునే పాలిస్టరు బనీను ఒంటికి, దానిమీద హాస్టల్ స్వెట్టరు, అన్నిటికీ పైన గాలి ఆపే వాన కోటు. నడిచేటప్పుడు వేడెక్కితే ఒకటి తీయాల, ఆగినప్పుడు వెంటనే తొడుక్కోవాల. చెమట పట్టనివ్వకుండా చూసుకోవడమే చలి లేకుండా చూసుకోవడం. కింద ట్రాక్ ప్యాంటు. నెత్తికి మఫ్లరు.

బ్యాగు. లోపల పెద్ద ప్లాస్టిక్ సంచి వేసి దాంట్లో సామాను సర్ది మూతి ముడేశాం. బ్యాగు తడిసినా లోపల తడవదు. బరువైనవి వీపుకి ఆనించి పెట్టాలి.

లైటు. ఇద్దరికి ఒకటి కొన్నాం. నాయన లైటు ఈసారి ముట్టుకోలా. జనవరి నుంచి మార్చి దాకా మన ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, తెల్ల లైటు వాటిని బెదరగొడుతుంది. అందుకని లైటు అద్దానికి ఎర్ర జిగురు కాగితం అంటించాం. ఎర్ర వెలుతురులో మన కళ్ళు కూడా చీకటికి అలవాటు పడే ఉంటాయి.

తిండి. చద్దన్నంలో మజ్జిగ, ఉల్లిపాయ, ఎండు చేపల పొడి. బెల్లం, వేరుశనక్కాయలు. ఫ్లాస్కులో టీ. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఒడ్డున ఉప్పునీళ్ళు తప్ప ఏమీ దొరకవు.

చివరిది ఒక కాగితం. మా లెక్చరర్ ఒకాయన కాలేజీ ముద్ర వేసి రాసిచ్చారు, ఫలానా విద్యార్థులు ఫలానా తేదీన ఒడ్డు వెంబడి నడుస్తున్నారు అని. ఇది పెట్టుకుందామంటే మాలో ఎరుకల పిల్లోడు ఒప్పుకోలా. "మా ముత్తాతకి పాసు, నాకు లెటరు. ఏం మారింది?" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. లైటు వాళ్ళ నాయనది అయినోడు, "నీ ముత్తాత కోసం కాదు రా, మా నాయన కోసం పెట్టుకో" అన్నాడు. ఇదీ నిజమే. కాగితం పెట్టుకున్నాం. ఆ వాదన ఇంకా తెగలా.

పండగ దాటిన మూడో రోజు. ఈసారి పాటు వేళ చూసుకుని తెల్లారుజామున నాలుగున్నరకి దిగాం. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, ఫోన్లో దొరుకుతుంది, లేకపోతే వలలోళ్ళని అడగండి, వాళ్ళ నోటి మీదే ఉంటుంది. నీళ్ళ అంచున గట్టి ఇసక. అడుగు తరవాత అడుగు, బూటు చప్పుడు తప్ప ఏమీ లేదు. మంచు పొర నీళ్ళ మీద పాకుతా ఉంది. చలి ఉంది, కానీ మొహానికి మాత్రమే.

గంట నడిచాక ముందు పోయేవాడు చెయ్యెత్తి ఆపాడు. ఇసకలో సముద్రం నుంచి పైకి చిన్న ట్రాక్టరు పోయినట్టు జాడ, పక్కనే కిందికి దిగిన జాడ. తాబేలు వచ్చి గుడ్లు పెట్టి పోయింది. మా పెద్దోళ్ళు ఆ గుడ్లు తిన్నవాళ్ళే, దాచేదేముంది. ఇప్పుడు 1972 వన్యప్రాణి చట్టం కింద ముట్టుకోకూడదు, మాకూ ముట్టుకోబుద్ధి కాలా. దూరం నుంచి చూసి, మా అడుగులు ఆ జాడ మీద పడకుండా చుట్టు తిరిగి పొయ్యాం.

సూర్యుడు కుడిచేతి పక్క నీళ్ళలోంచి లేచాడు. చిన్న ఎర్ర ఎండ్రకాయలు మా బూట్లు చూసి బొరియల్లోకి పరిగెత్తాయి. ఒకడు పాట ఎత్తుకున్నాడు, మిగతావాళ్ళం అందుకున్నాం. ఎవరికీ చెప్పు తెగలా, ఎవడూ వణకలా, ఎవడూ "ఇంకెంత దూరం" అనలా. అప్పుడు తెలిసింది, సామాను మంచిదైతే దాని సంగతే గుర్తుకు రాదు. కాళ్ళ గురించి ఆలోచించే పని లేకపోతే కళ్ళు చూస్తాయి. మేం పుట్టి పెరిగిన ఒడ్డునే మొదటిసారి చూసినట్టు చూశాం.

పెన్నమ్మ కలిసే చోట మట్టిరంగు నీళ్ళూ సముద్రం నీళ్ళూ కాసేపు పక్కపక్కన పోతాయి, తరవాత ఏది ఏదో తెలవదు. అక్కడ కూర్చుని చద్దన్నం తిన్నాం. ఏమీ పట్టలా, ఏమీ ఏరలా, ఎవరి కూలికీ పోలా. ఊరికే కూర్చున్నాం.

ఒకటి చెప్పడం మరిచాం. ఒడ్డు సముద్రం వైపుకి వాలి ఉంటుంది కాబట్టి పోయేటప్పుడు కుడి కాలు పల్లంలో పడుతుంది, మోకాలు లాగుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఎడమ కాలికి. అందుకని పోయిన దారినే రావడం మంచిది, రెండు కాళ్ళకీ సమానం.

తిరిగొచ్చేటప్పుడు ఎండెక్కిందని గుంటల గట్టు పక్కగా నడిచాం. కాపలా పాకలోంచి ఒకాయన లేచొచ్చాడు. చూడగానే గుర్తుపట్టాం, ఆ రాత్రి మనిషే. ఆయన మా బూట్లు, బ్యాగులు చూసి నవ్వుతా, "ట్రెక్కింగా సార్? ఏ కాలేజీ? నీళ్ళు కావాల్నా?" అన్నాడు.

జేబులో కాగితం తియ్యాల్సిన పనే పడలా.

మాలో ఒకడు నిదానంగా చెప్పాడు: "మొన్న డిసెంబర్లో మీరు రాత్రంతా కూర్చోబెట్టింది మమ్మల్నే అన్నా."

ఆయన మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. నవ్వు పోయింది. "బూట్లేసుకోనుంటే తెలవలా," అన్నాడు. కాసేపాగి, "నా డ్యూటీ అబ్బయ్యా. ఒక్క రొయ్య పోయినా నా జీతంలో పట్టుకుంటారు," అన్నాడు. బిందె తెచ్చాడు. నలుగురం తాగాం. లైటు వాళ్ళ నాయనది అయినోడు తాగలా. వాడిని ఎందుకని మేం అడగలా.

బస్సులో ఎవరూ పెద్దగా మాట్లాడలా. బూట్లు మమ్మల్ని పల్లేరు కాయల నుంచి కాపాడాయి, అది వాటి పని. మా పుట్టుకని కూడా దాచిపెట్టాయి, అది వాటి పని కాదు. మేం కోరుకుంటున్నది ఏంటంటే, బూట్లు ఉన్నా లేకపోయినా మన పిల్లోడు ఒడ్డున నడుస్తుంటే "ఏ కాలేజీ?" అనే మొదట అడగాల. అది ఒక్క నడకతో వచ్చేది కాదు. చాలామందిమి చాలాసార్లు నడవాల.

అందుకే ఇప్పుడు హాస్టల్లో మా గది మంచం కింద ఒక ఇనప ట్రంకు పెట్టి పెట్టాం. అందులో ఐదు జతల బూట్లు, ఆరు వాన కోట్లు, మూడు లైట్లు, ఒక ఫ్లాస్కు. ఎవరైనా తీసుకుపోవచ్చు, కడిగి ఆరబెట్టి తిరిగి పెట్టాలి, అంతే షరతు. ఉప్పునీళ్ళు తగిలిన బూటుని మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టకపోతే నెలకే విరిగిపోతుంది. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు, మీ ఇంట్లో వాడని బూట్లు, బ్యాగులు ఉంటే పంపండి. ఆడపిల్లల సైజులు అసలు లేవు. చెల్లెళ్ళు మేమూ వస్తామంటున్నారు, ముందు వాటికి చూడండి.

వచ్చేవాళ్ళకి రెండు మాటలు. తుపాను హెచ్చరిక ఉంటే ఒడ్డు వైపే పోవద్దు, 2023 డిసెంబర్లో మిచౌంగ్ వచ్చినప్పుడు మా కాలనీల్లో నీళ్ళు ఎట్టా నిలిచాయో చూశాం. మైపాడులో లోపలికి ఈతకి దిగొద్దు, అలల లాగుడు ఎక్కువ. ఇంట్లో చెప్పి బయల్దేరండి.

మళ్ళీ మాఘ పౌర్ణమికి పోతున్నాం. ఈసారి అవ్వని కూడా మైపాడు దాకా తీసుకుపోతున్నాం, ఒడ్డున ఒక మైలైనా మాతో నడుస్తానంది. బుట్ట తెచ్చుకుంటావా అవ్వా అని అడిగితే, "ఎందుకు? ఊరికే కదా పోయేది" అంది. ఆమె పాదం కొలత తీసుకున్నాం. ఐదో నంబరు బూటు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

ఇట్లు,
నెల్లూరు హాస్టల్ నుంచి మీ ఐదుగురు పిలకాయలు